గ్లౌజులు ఎవరి కోసం?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయండన్నా అని హాస్టల్ తమ్ముళ్లు అడిగినప్పుడు, పీజీ చదువుతున్నవాళ్లం కాబట్టి పోటీ పరీక్షల గురించో, క్రమశిక్షణ గురించో రాస్తామని అనుకొని ఉంటారు. మేము రాయదలచుకున్నది చేతి గ్లౌజుల గురించి. అందులోనూ చర్మవ్యాధి ఉన్నవాళ్లు వీడియో గేములు ఆడేటప్పుడు వేసుకునే గ్లౌజుల గురించి. ఇదీ ఒక విషయమేనా అని నవ్వు రావచ్చు. మేమూ మొదట నవ్వినవాళ్లమే. ఆ నవ్వుకు సంజాయిషీగానే ఈ నాలుగు మాటలు.

మేము డిండికి అటూ ఇటూ ఉన్న ఊళ్ల పిల్లలం. కొందరిది నల్లగొండ వైపు, కొందరిది పాలమూరు వైపు. మా ఇండ్లల్లో డిగ్రీ పట్టా చూసిన మొదటి తరం మాదే. ఈ హాస్టలే లేకపోతే ఆ పట్టా లేదు. ఒక ట్రంకుపెట్టె, ఒక కంచం, ఒక గ్లాసుతో ఇక్కడ అడుగుపెట్టాం. అప్పుడు హాల్లో ఒక క్యారంబోర్డు, ఎవరో దాత ఇచ్చిపోయిన ఒక పాత కంప్యూటరు ఉండేవి. అందులో ఒక కారు పందెం ఆట. ఆదివారం ఒక్కొక్కరికి పది నిమిషాలు. వారమంతా ఆ పది నిమిషాల కోసమే ఎదురుచూసేవాళ్లం.

మాతోపాటు చదివిన ఒక మిత్రుడికి రెండు అరచేతులూ పగిలి ఉండేవి. వేళ్ల పక్కన చిన్న చిన్న నీటి పొక్కులు లేచేవి, అవి ఎండి పొట్టు రాలేది. ఎండాకాలం చెమటకు ఇంకా ఎక్కువయ్యేది. వాడి వంతు వస్తే "నువ్వు ముట్టకురా, మాక్కూడా అంటుకుంటది" అన్నాం. ఎవరో ఒకరు అన్నారని చెప్పి తప్పించుకోము, అందరం అన్నాం. వాడు గొడవ పడలేదు. పక్కన నిలబడి ఎవరికి ఎన్ని పాయింట్లు వచ్చాయో నోటుబుక్కులో రాసేవాడు. రెండేండ్లు రాశాడు. ఆ నోటుబుక్కును కూడా మేము ముట్టుకోకుండా దూరం నుంచే చూసేవాళ్లం.

పీజీలో మళ్లీ ఒకే గదిలో కలిశాం. రాత్రి చదువు అయ్యాక ఒక గంట ఆడుకోవడం అలవాటు. సెకండ్ హ్యాండులో కొన్న ఒక లాప్‌టాప్, ఒక కంట్రోలర్, మిగతా వాళ్లకు ఫోన్లు. మే నెలలో, ఫ్యాను కింద కూడా ఉడుకుతున్న ఒక రాత్రి, వాడు నల్లటి మందపాటి గ్లౌజులు తొడుక్కొని వచ్చి కూర్చున్నాడు. "ఏందిరా, బండి మీద పోతున్నవా?" అని నవ్వాం. "నా కోసం కాదురా, మీ కోసం ఏసుకున్న" అన్నాడు. గ్లౌజులు తీయమంటే తీశాడు. చేతులు చెమటకు నాని, పగుళ్లు ఎర్రగా తెరుచుకొని ఉన్నాయి. ఆ రాత్రి ఎవరమూ ఆడలేదు. వాడి గురించి రాస్తామంటే "పేరు తప్ప అన్నీ రాయండి" అన్నాడు కాబట్టి రాస్తున్నాం.

మిత్రులారా! మనం ఎవరి బిడ్డలం? ముట్టుకోనివ్వకపోవడం ఎట్లా ఉంటుందో పుస్తకం చూసి తెలుసుకోవాల్సిన అవసరం లేనివాళ్లం. చిన్ననాడు బడిలో గోనెపట్టా మీద విడిగా కూర్చోవలసి వచ్చిందని, నీళ్లు పోసే మనిషి లేకపోతే దాహంతోనే ఉండవలసి వచ్చిందని బాబాసాహెబ్ అంబేద్కర్ స్వయంగా రాసుకున్నారు. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసిందని మనం ప్రతి జనవరి 26న మైకు ముందు చెప్తాం. అదే హాల్లో, అదే క్యారంబోర్డు పక్కన, మనలో ఒకడి చేతిని చూసి మనమే "ముట్టకు" అన్నాం. దీన్ని ఏమనాలి?

అందుకే మా అభిప్రాయం సూటిగా చెప్తున్నాం. గ్లౌజు అనేది వేసుకునేవాడి చర్మానికి సుఖం ఇవ్వడానికి. పక్కవాడి భయం తీర్చడానికి వేసుకున్న గ్లౌజు చేతినీ పాడు చేస్తుంది, స్నేహాన్నీ పాడు చేస్తుంది. గ్లౌజు లేకుండా వచ్చినా ఆటలో చోటు ఉంటుందని నమ్మకం ఉన్నవాడే తన చేతికి సరిపడే గ్లౌజు ఎంచుకోగలడు.

ముందు భయం సంగతి చూద్దాం. మా మిత్రుడిది ఎగ్జిమా. అది అంటుకోదు. సొరియాసిస్ అంటుకోదు. బొల్లి అంటుకోదు. అరచేతుల చెమట అంటుకోదు. సొరియాసిస్ అంటువ్యాధి కాదని, దాని పేరుతో మనుషుల్ని వెలివేయడం తగదని ప్రపంచ ఆరోగ్య సభ 2014లో తీర్మానమే చేసింది. అంటుకునేవి కూడా ఉన్నాయి, దాచిపెట్టం. గజ్జి ఒక సూక్ష్మమైన పురుగు వల్ల వస్తుంది, రాత్రిపూట దురద ఎక్కువ. గదిలో ఒక్కడికి వస్తే అందరూ ఒకే రోజు మందు పూసుకోవాలి, బట్టలూ దుప్పట్లూ వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయాలి. ఒక్కడిని వరండాలో పడుకోబెడితే గజ్జి పోదు. తామర తువ్వాళ్ల ద్వారా, బట్టల ద్వారా పాకుతుంది. ఇవి మందులతో తగ్గిపోయేవే. ఏది ఏదో తేల్చవలసింది డాక్టరు. మన చూపు తేల్చలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. మెడికల్ షాపులో "దురద మందు" అని అడిగి తెచ్చుకునే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. తామర మీద అది పూస్తే రెండు రోజులు తగ్గినట్టే ఉండి తర్వాత ఒళ్లంతా పాకుతుంది. అందుకే 2018లో కేంద్ర ప్రభుత్వం స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ మీదే అమ్మాలని నిబంధన గట్టి చేసింది. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. చర్మం డాక్టరు కోసం హైదరాబాదు బస్సు ఎక్కవలసిన రోజులు పోయాయి. మా మిత్రుడు పదేండ్లు ట్యూబుల మీద గడిపి, చివరికి ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలోనే తన జబ్బు పేరు తెలుసుకున్నాడు.

ఇక గ్లౌజులు. ఆ వేసవిలో మేమంతా కలిసి వెతికాం. నల్లగొండలోనూ గడియారం ఉంది, పాలమూరులోనూ గడియారం ఉంది. రెండు గడియారాల చుట్టుపక్కల దుకాణాలూ తిరిగాం. మా తప్పుల నుంచి నేర్చుకున్నవి ఇవి.

రబ్బరు గ్లౌజులు ఆటకు పనికిరావు. గాలి ఆడదు, చెమట లోపలే నిలుస్తుంది, నానిన చర్మం త్వరగా పగులుతుంది. పైగా రబ్బరును గట్టిపరచడానికి కలిపే రసాయనాలే కొందరికి పడవు. బండి వాళ్ల తోలు గ్లౌజులు చూడ్డానికి బాగుంటాయి. కానీ ఎక్కువ తోళ్లను క్రోమియం లవణాలతో పదును చేస్తారు, అది పడనివాళ్లకు దురద మొదలవుతుంది. గేముల కోసమని అమ్మే నల్లటి పాలిస్టర్ గ్లౌజుల్లో ముదురు రంగు అద్దకాలు ఉంటాయి. చెమట తగిలితే ఆ రంగు చర్మానికి చేరుతుంది. ఉన్ని గరుకు, దాని జోలికే పోవద్దు.

చివరికి సరిపోయినవి ఏవంటే, పరేడ్‌లో ఎన్‌సీసీ పిల్లలు వేసుకునే తెల్లటి గ్లౌజులు. అయితే నూరు శాతం నూలు అవునో కాదో చూసి కొనాలి. నైలాన్‌వి కూడా అచ్చం అట్లాగే ఉంటాయి. కొన్నాక ముందు ఒకసారి ఉతికి, తిరగేసి తొడుక్కోవాలి. కుట్లు బయటి వైపు ఉంటే పగుళ్లకు ఒరుసుకోవు. మణికట్టు దగ్గర ఎలాస్టిక్ బిగువుగా ఉంటే దాన్ని విప్పేయాలి. మరీ వదులైతే కంట్రోలర్ జారుతుంది, మరీ బిగువైతే రాపిడి. సొరియాసిస్ ఉన్నవాళ్లకు రాపిడి మరీ చేటు. ఒరుసుకున్న చోట కొత్త మచ్చ లేస్తుందని కోబ్నర్ అనే జర్మన్ డాక్టరు 1870లలోనే చెప్పాడు. పిడికిలి కణుపుల చుట్టూ దారం చుట్టి కొలత తీసుకొని దుకాణానికి పోతే తంటా ఉండదు.

ఫోనులో ఆడేవాళ్లకు ఇంకో చిక్కు. తెర మన వేలి గుండా పోయే కొద్దిపాటి విద్యుత్తును పసిగట్టి పనిచేస్తుంది. పొడి నూలు గుండా అది పోదు. కాబట్టి బొటనవేలు, చూపుడువేలు కొసలు కత్తిరించి అంచు మడిచి కుట్టుకోవాలి. కొసలే పగిలి ఉంటే వెండి పోగు కలిపి నేసిన వేలి తొడుగులు దొరుకుతాయి, అవి చాలు. అరచెయ్యంతా కప్పనవసరం లేదు.

మూడు జతలు ఉండాలి. తడి తగిలిన వెంటనే మార్చాలి. బోరునీళ్లలో సబ్బు సరిగా పోదు, కాబట్టి సర్ఫు తక్కువ వేసి రెండుసార్లు జాడించాలి. అరగంటకోసారి తీసి చేతులకు గాలి తగలనివ్వాలి. ఆటకు ముందు వ్యాసలిన్ పలుచగా రాసుకొని, ఇంకిన తర్వాతే తొడుక్కోవాలి. రాత్రి పడుకునేటప్పుడు మందంగా రాసి నూలు గ్లౌజులు వేసుకుంటే పగుళ్లు మెత్తబడతాయి. స్టెరాయిడ్ మందు పూసి మాత్రం డాక్టరు చెప్పకుండా గ్లౌజు వేయొద్దు. కప్పితే మందు ఒంట్లోకి ఎక్కువగా ఇంకుతుంది. చీము, రసి ఉంటే ఆ రోజు ఆట బందు. ఒకరి గ్లౌజు ఇంకొకరు వేసుకోవద్దు. ఏ గ్లౌజూ రోగాన్ని నయం చేయదు, చేతికి కాస్త నెమ్మదినిస్తుంది, అంతే.

"కూలి చేసుకునేటోళ్ల పిల్లలకు వీడియో గేములేంది, దానికి గ్లౌజులేంది?" అని పెద్దలు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మేము సమర్థించడం లేదు. వాటిని తెలంగాణ 2017లోనే నిషేధించింది, 2025లో పార్లమెంటు దేశమంతటా నిషేధించింది. ఆ 2025 చట్టమే ఈ-స్పోర్ట్స్‌ను ఆటగా గుర్తించింది. చదువు మానుకొని ఆడమని కూడా అనడం లేదు. మేము అడిగేది ఒక గంట ఆటలో అందరికీ వంతు. ఆడుకోవడం కలిగినోళ్ల పిల్లల హక్కే అయితే, మనం ఇంత చదివి సాధించింది ఏముంది?

ఇంకో మాట. గ్లౌజులు మన ఇండ్లకు కొత్తవా? మా అమ్మలు పత్తి ఏరేటప్పుడు కాయ డొప్పలు గుచ్చుకోకుండా వేళ్లకు పాత చీర పేలికలు చుట్టుకుంటారు. మా నాయనలు పాలమూరు కూలీలుగా ఊరూరా తిరిగి సిమెంటు కలిపి, చేతులకు పాలిథిన్ కవర్లు కట్టుకున్నారు. సిమెంటులోని క్రోమియం చేతుల్ని ఎగ్జిమా పాలు చేస్తుంది. డెన్మార్క్ 1983లోనే సిమెంటులో దాన్ని తగ్గించింది. ఐరోపా దేశాలు 2005 నుంచి పది లక్షల పాళ్లకు రెండు పాళ్లు మించొద్దని కట్టడి చేశాయి. మా నాయనల చేతుల్ని మేము "పని చేతులు" అని మాత్రమే అనుకున్నాం. ఆ చేతులకూ మందు ఉందని, సుఖం అవసరమని ఎన్నడూ తట్టలేదు. మిత్రుడి గ్లౌజు కోసం వెతుకుతుంటేనే తట్టింది. ఈ దసరాకు ఇంటికి పోయినప్పుడు తలా రెండు జతల నూలు గ్లౌజులు, ఒక వ్యాసలిన్ డబ్బా తీసుకుపోయాం. "నాకెందుకు బిడ్డా ఇవి?" అన్నది ఒక అమ్మ. వేసుకొని చూసి, మళ్లీ విప్పలేదు.

చివరగా హాస్టల్ తమ్ముళ్లకు, పూర్వ విద్యార్థులకు మూడు విన్నపాలు. 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరీక్షించే జబ్బుల జాబితాలో గజ్జి, తామర, ఎగ్జిమా ఉన్నాయి. ఆ బృందం వచ్చినప్పుడు చేతులు వెనక్కు దాచుకోకుండా చూపించండి. చూపించడానికి సిగ్గుపడే తమ్ముడి పక్కన నిలబడండి. రెండోది, పూర్వ విద్యార్థులం తలా కొంత వేసుకొని ఆటవస్తువుల పెట్టెలో నూలు గ్లౌజుల కట్ట ఒకటి ఎప్పుడూ ఉండేటట్టు చూద్దాం. అడిగినవాళ్లకు ఎందుకని అడగకుండా ఇవ్వాలి. మూడోది, పైసా ఖర్చు లేనిది. చర్మం చూసి ఎవరినీ ఆట నుంచి లేపొద్దు.

ఇప్పుడు మా మిత్రుడు కొన్ని రాత్రులు తెల్ల గ్లౌజులతో ఆడతాడు, చెయ్యి బాగున్న రాత్రులు ఉత్త చేతులతో ఆడతాడు. ఎట్లా ఆడాలన్నది వాడి ఇష్టం. వాడి చేతిలోంచి కంట్రోలర్‌ను మేము అట్లాగే అందుకుంటాం, తుడవం. స్కోరు మాత్రం ఇప్పుడు వంతులవారీగా మేము రాస్తున్నాం. రెండేండ్ల బాకీ ఉంది కదా!