అప్పగించిన తుపాకికి తుప్పు పట్టనివ్వరాదు

ఎన్నికలు వచ్చాయంటే లైసెన్సు తుపాకులను పోలీసుస్టేషనులో అప్పగించాలని కబురు వస్తుంది. 2024లో మార్చి 16న ఎన్నికల ప్రకటన వెలువడగా, జూన్ 4న ఫలితాలు వచ్చాయి. అంటే రెండున్నర నెలల పైమాటే. శాంతిభద్రతల కోసం ఇది అవసరమే, కాదనేవారు లేరు. మరి మూలనపడిన తుపాకి మాటేమిటి?

పలమనేరు, కుప్పం వైపు అడవి అంచున పంట కాపలాకు, చప్పుడుతో పందులను తరిమేందుకు రైతు ఉంచుకున్న తుపాకి అది. మా వైపు ఆసామి ఒకాయన తిరిగి తెచ్చుకొని చూస్తే గొట్టం లోపల ఎర్రగా తుప్పు! తూటా పెట్టేచోట తుప్పు పడితే పేలిన ఖాళీ తూటా ఊడిరాదు. పిస్తోలు ఉన్నవారికి మరో తంటా. మేగజైనులో మురికి చేరినా, స్ప్రింగు సడలినా తూటా పైకి అందదు. నూనె ఎక్కువైనా దుమ్ము పట్టి అదే గతి.

అప్పగించే ముందు తూటాలు తీసి, మసి తుడిచి, పలుచగా నూనె రాసి, తుపాకి స్థితిని రసీదులో రాయించుకోవడం రైతు వంతు. పొడిగదిలో ఉంచడం, నెలకొకసారి పోలీసుల ఎదుటే యజమానిని తుడుచుకోనివ్వడం స్టేషను వంతు. ఇందుకు పెద్ద ఖర్చేమీ లేదు. చెడిన తుపాకితో పందికన్నా పట్టుకున్నవాడికే ముప్పు. అధికారులు ఆలోచించాలి.