గురి చూస్తే ఏం లాభం?

మగవాడు సాయంత్రం క్లబ్బుకి వెళ్ళి పేకముక్కలు పట్టుకుంటే ఎవ్వరూ "ఏం లాభం?" అని అడగరు. ఆదివారం పొద్దున్నే గోదావరి ఒడ్డున గాలం వేసుకుని మూడు గంటలు కూచుని, ఒక్క పరిగెపిల్ల కూడా లేకుండా ఇంటికొస్తే "పాపం, వారమంతా గనిలో కష్టపడ్డాడు, కాస్త సేద తీరొద్దూ!" అంటారు. నేనూ అంటాను. కానీ ఆడది ఇంటిపని ముగించుకుని ఓ గంట తనకోసం ఏదైనా మొదలుపెట్టిందా, వాడకట్టంతా లెక్కల మాస్టార్లయిపోతారు. కుట్టుపని నేర్చుకుంటే సరే, జాకెట్టుకింత అని వస్తుంది. అప్పడాలు వత్తితే సరే, అమ్ముకోవచ్చు. యోగా చేస్తే సరే, ఒళ్ళు తగ్గుతుంది, డాక్టరు ఖర్చు తప్పుతుంది. ఊరికే, సరదాకి, అన్నామా? అక్కడ వస్తుంది చిక్కంతా.

నా సరదా మరీ చిక్కైనది లెండి. నేను ఎయిర్ రైఫిల్ షూటింగ్ చేస్తాను. పోటీలకి కూడా వెళ్తాను. గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్లో కాపురముంటూ, ఇంటర్మీడియెట్ చదివే కూతురున్న ఆడదానికి ఈ పని ఏమిటని మీరూ అనుకుంటున్నారు కదూ? అనుకోండి, ఫర్వాలేదు. మా వాడకట్టులో అందరూ అనుకునేశారు.

"ఏందక్కా, తుపాకి పట్టినవట గదా! ఎవల్ని కొడ్తవ్?" అని నీళ్ళ నల్లా దగ్గర అడిగిన చెల్లెలి మీద నాకేం కోపం లేదు. నవ్వుతూ అడిగింది, నవ్వుతూ జవాబు చెప్పాను. నాకు ఒళ్ళు మండేది మెచ్చుకునే వాళ్ళ మీద. "చాలా మంచి పని చేస్తున్నారండీ! ఈ రోజుల్లో ఆడవాళ్ళకి ఆత్మరక్షణ చాలా అవసరం" అని తల ఆడిస్తూ అంటారు చూడండీ, వాళ్ళ మీద!

ఆత్మరక్షణట! పోటీలో వాడే ఎయిర్ రైఫిల్ బరువు అయిదున్నర కిలోల దాకా ఉండొచ్చు. దాన్ని ఎత్తి నిలబడాలంటే బొంతకంటే బిరుసైన కోటు తొడుక్కోవాలి, అలాంటిదే పంట్లాం, అడుగు బిరుసైన బూట్లు. అవన్నీ వేసుకుని నడిస్తే బాతు నడకే. ఇప్పుడు దొంగ గోడ దూకాడనుకోండి. "కాస్త ఆగు నాయనా" అని చెప్పి, కోటు గుండీలన్నీ పెట్టుకుని, సీసపు పెల్లెట్ ఒక్కటే లోపల పెట్టి, వాణ్ణి సరిగ్గా పది మీటర్ల దూరంలో కదలకుండా నిలబెట్టి, ఊపిరి సగం వదిలి... ఈలోగా వాడు టీ పెట్టుకు తాగి, గిన్నె కడిగి బోర్లించి మరీ వెళ్ళిపోతాడు.

అయినా నన్ను నేను రక్షించుకునే బాధ్యత కూడా నా నెత్తిన పెట్టి, దానికి మెచ్చుకోలు ఒకటా? బస్టాండు దారిలో దీపాలు వెలిగించడం ఎవరి పని? రాత్రి షిఫ్టు ముగించుకు వచ్చే నర్సమ్మ వెంటపడే వాణ్ణి పట్టుకోవడం ఎవరి పని? ఆ పనులు చెయ్యాల్సిన వాళ్ళు చెయ్యాలి. నా రైఫిల్‌ని ఆ లెక్కలో జమ కట్టకండి.

ప్రాక్టికల్ షూటింగ్ అని ఒక పోటీ ఉంది. మన ఒలింపిక్స్‌లో ఉండదు. అట్టతో చేసిన బొమ్మలు అక్కడక్కడా నిలబెడతారు, పోటీదారు చేతిలో పిస్తోలుతో ఒక చోటునుంచి మరో చోటికి పరిగెడుతూ వాటిని కొట్టాలి. వచ్చిన మార్కుల్ని పట్టిన సమయంతో భాగిస్తారు. అంటే నిదానంగా కొట్టి పూర్తి మార్కులు తెచ్చుకున్నా లాభం లేదు, గబగబా కొట్టి తప్పినా లాభం లేదు. దీనికి అంతర్జాతీయ సమాఖ్య 1976లో అమెరికాలోని కొలంబియా అనే ఊళ్ళో పుట్టింది. మొదటి అధ్యక్షుడు జెఫ్ కూపర్. పేరులోనే ఉంది చూశారా, ప్రాక్టికల్ అని! నిజమైన ఆపదలో పనికొచ్చే విద్య కావాలన్నదే వాళ్ళ ఉద్దేశం. తీరా ఏమైంది? పోటీ అన్నాక గెలవాలనిపిస్తుంది కదా. గెలుపు కోసం ప్రత్యేకమైన పిస్తోళ్ళు తయారుచేయించుకున్నారు, జేబులో పెట్టుకుని వీధిలోకి ఎవరూ తీసుకుపోలేనివి. ఇది ఉపయోగం కాదు, ఉత్త ఆట అయిపోయిందని గోల పెట్టి, 1996లో కొందరు విడిగా ఇంకో సంఘం పెట్టుకున్నారు. దానికీ పోటీలున్నాయి, కప్పులున్నాయి! ఉపయోగం కోసమే పుట్టిన విద్య కూడా ఇరవై ఏళ్ళు తిరక్కుండా ఆటగా మారింది. అది చెడిపోవడం అంటారు వాళ్ళు. బాగుపడటం అంటాను నేను.

ఆ పోటీ మనలాంటి వాళ్ళకి అందేది కాదు. అది మందు తుపాకీ వ్యవహారం. 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి, అది సామాన్యులకి అంత సులువుగా ఇవ్వరు. ఇవ్వకపోవడమే మంచిదని నా అభిప్రాయం. నాది గాలితో పనిచేసే 4.5 మిల్లీమీటర్ల రైఫిల్. తక్కువ శక్తి గల ఇలాంటి వాటికి 2016 నాటి ఆయుధాల నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. అలాగని బొమ్మ కాదు, కంటికి తగిలితే కన్ను పోతుంది. చిట్టీ ఎత్తిన డబ్బుతో ఎవరో వాడి వదిలేసినది కొన్నాను. కొత్తది కొనాలంటే లక్షల మాట.

ఇక ఆట సంగతి చెప్తాను, వినండి. గురి మొత్తం కలిపి 45.5 మిల్లీమీటర్లు, చిన్న గారెకంటే చిన్నది. దాని నట్టనడుమ పది మార్కుల చుక్క అర మిల్లీమీటరు. గసగసాల గింజ తెలుసుగా, అందులో సగం. పది మీటర్ల దూరంనుంచి, నిలబడి, దేనికీ ఆనుకోకుండా దాన్ని కొట్టాలి. అరవై సార్లు, గంటంబావులో.

ఆ నిలబడే తీరు నేర్పుతూ కోచ్‌గారు "ఎడమ తుంటి ముందుకు తొయ్యండి, మోచెయ్యి దాని మీద ఆనించండి, బరువు ఎముకల మీదికి దించండి, కండలతో మొయ్యకండి" అన్నారు. నాకు నవ్వాగలేదు. పదిహేడేళ్ళ కింద నా కూతుర్ని చంకనేసుకుని, పొయ్యి మీద పాలు కాపలా కాస్తూ నిలబడ్డది సరిగ్గా అలాగే! నాతోపాటు నేర్చుకునే కుర్రాళ్ళకి ఆ భంగిమ కుదరడానికి నెలలు పట్టింది. మనకి అది పుట్టింటి విద్య.

ఆ తర్వాతది మాత్రం ఎవరికైనా కొత్తే. ఊపిరి సగం వదిలి ఆపాలి. గుండె కొట్టుకుంటే రైఫిల్ కొస కదులుతుంది, కళ్ళకి కనిపిస్తుంది కూడా. ఆ చప్పుడుకీ చప్పుడుకీ మధ్య వేలు దానంతటది నొక్కుకున్నట్టు నొక్కాలి. ఆ క్షణంలో కుక్కర్ ఎన్ని కూతలేసిందో గుర్తుండదు. పాలవాడి బాకీ, మరిది పెళ్ళి, అమ్మాయి ఎమ్‌సెట్, ఏదీ ఉండదు. పేలాక కూడా ఓ రెండు క్షణాలు అలాగే నిలబడి ఉండాలి, అదీ నియమమే. ఇరవయ్యేళ్ళ కాపురంలో ఏ పనైనా అయిపోయాక రెండు క్షణాలు ఊరికే నిలబడమని నాకు చెప్పినది ఈ ఆటొక్కటే.

ఇంత చెప్పినా, ఒకావిడ ప్రశ్నకి మాత్రం నేను గబుక్కున జవాబు చెప్పలేకపోయాను. మా వెనక వరసలో ఉండే పెద్దమ్మ. "బిడ్డా, గా తుపాకిని జూస్తె నాకు కాళ్ళు వణుకుతయ్. ఇంట్ల పెట్టకు" అంది. ఆవిడ లాభం అడగలేదు. మా ఊళ్ళో తుపాకీ అన్న మాటకి వేరే బరువుంది. 1980లలో, 90లలో ఈ బొగ్గుబాయిల వాడల్లో బతికిన వాళ్ళకి అర్ధరాత్రి తలుపు చప్పుడంటే ఏమిటో తెలుసు. అటు అడవి, ఇటు పోలీసు, నడుమ షిఫ్టుకి పోయి తిరిగి రావలసిన మగవాడు. పొద్దున్నే పేపరు తియ్యాలంటే భయపడిన తల్లులున్నారు. ఆ పెద్దమ్మతో నేను వాదించలేదు. రైఫిల్‌ని ఆవిడ కళ్ళబడకుండా పెట్టెలోనే తీసుకెళ్తాను, పెట్టెలోనే తెస్తాను. ఆ భయానికి నేనివ్వవలసిన మర్యాద అది.

కానీ ఆ భయాన్ని అడ్డం పెట్టుకుని "మన ఊరికి తుపాకులు పడవమ్మా" అని చెప్పే పెద్దమనుషుల్ని మాత్రం ఒప్పుకోను. పేలే వస్తువుతో క్రమశిక్షణగా మెలగడం మా ఊరికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? గనిలో షాట్‌ఫైరర్ అని ఉంటాడు. బొగ్గుపొరకి వేసిన రంధ్రాల్లో మందు కూర్చి, అందర్నీ దూరంగా పంపి, హెచ్చరిక చేసి, అప్పుడు పేల్చే మనిషి. పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చుకుంటేగానీ ఆ పని చెయ్యనివ్వరు. మా వాళ్ళ బంధువుల్లోనే ఇద్దరున్నారు. షూటింగ్ రేంజిలో పద్ధతీ అదే. చెప్పినప్పుడే గుండు పెట్టాలి, ఆపమన్న క్షణాన ఆపాలి, వాడనప్పుడు గొట్టంలో రంగు తాడు దూర్చి ఖాళీ అని అందరికీ కనిపించేలా ఉంచాలి. ఇందాక చెప్పిన ప్రాక్టికల్ పోటీలోనైతే పిస్తోలు చెయ్యిజారి కింద పడినా, దాని మూతి వెనక్కి తిరిగినా, అక్కడికక్కడే ఇంటికి పంపించేస్తారు, ఎంత గొప్పవాడైనా సరే. ఇంత కట్టుబాటు మన పెళ్ళి భోజనాల బంతిలో ఉంటే ఎంత బావుణ్ణు!

ఆడవాళ్ళకి గురి కుదరదనే మాట ఇప్పుడెవరూ అనరనుకుంటా. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో ఆడా మగా కలిసి పోటీపడిన రైఫిల్ పోటీలో మార్గరెట్ మర్డాక్ మొదటి స్థానంలో ఉన్న లానీ బాషమ్‌తో సమానంగా మార్కులు తెచ్చుకుంది. చివరి గుళ్ళ లెక్క చూసి ఆవిడకి రజతం ఇచ్చారు. జాతీయగీతం మోగుతుంటే అతనే ఆవిణ్ణి చెయ్యిపట్టి పై మెట్టు మీదికి లాక్కున్నాడు. 1992 బార్సిలోనాలో స్కీట్ అనే పోటీలో చైనా అమ్మాయి జాంగ్ షాన్ మగవాళ్ళందరినీ దాటి స్వర్ణం గెలిచింది. నాలుగేళ్ళ తర్వాత అట్లాంటాలో ఆ పోటీ మగవాళ్ళకే పరిమితమైంది! ఆడవాళ్ళకి స్కీట్ మళ్ళీ 2000లో సిడ్నీలో గానీ రాలేదు. మా ఎయిర్ రైఫిల్లో కూడా మొన్నమొన్నటిదాకా మగవాళ్ళకి అరవై గుళ్ళు, మనకి నలభై. 2018లో సమానం చేశారు. నలభయ్యే ఎందుకూ అంటే ఇప్పటికీ నాకు సమాధానం దొరకలేదు.

మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో పదమూడేళ్ళకే జాతీయ ఛాంపియన్ అయింది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది. 2024లో పారిస్‌లో మను భాకర్ రెండు కాంస్యాలు తెచ్చాక మా వాళ్ళ మాట కూడా కాస్త మారింది. "మీ అమ్మాయికి నేర్పించరాదూ, స్పోర్ట్స్ కోటాలో సీటొస్తుంది" అంటున్నారు. చూశారా? మళ్ళీ లాభమే!

మా అమ్మాయికి షూటింగ్ ఇష్టం లేదు. దానికి పాటలిష్టం. ఇష్టమున్నది నాకు. నేను పతకం తేను. ఆ సంగతి నాకు తెలుసు, మా కోచ్‌గారికి ఇంకా బాగా తెలుసు. తెల్లారకముందే రామగుండం స్టేషన్లో భాగ్యనగర్ ఎక్కి, పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని, గచ్చిబౌలి రేంజికి పోటీకి వెళ్తాను. ఫలితాల కాగితంలో కిందనుంచి వెతికితే నా పేరు తొందరగా దొరుకుతుంది. పోయినేడాదికంటే ఈ ఏడాది నాలుగు పేర్లు పైకొచ్చాను. తిరుగు ప్రయాణంలో కాజీపేట దాకా అదే తల్చుకుని మురిసిపోయాను. ఉత్తరప్రదేశ్‌లోని జోహ్రీ గ్రామంలో చంద్రో తోమర్ అనే అవ్వ, మనవరాలికి తోడుగా రేంజికి వెళ్ళి, అరవై దాటాక తనే పిస్తోలు పట్టిందట. ఆవిడకి పతకాలు బోలెడు వచ్చాయి. రాకపోయినా వెళ్ళేదనే నా నమ్మకం. మామూలు మగవాళ్ళు మామూలుగా క్యారమ్స్ ఆడుకోవచ్చు, మామూలు ఆడది మామూలుగా ఆడకూడదా? ఆడితే ఛాంపియన్ కావాలి, లేకపోతే వంటింట్లో ఉండాలి, మధ్యన చోటే లేదా?

ఏడాదికోసారి మహిళా దినోత్సవానికి మనకి పెట్టే ఆటలేమిటో మీకు తెలుసు. మ్యూజికల్ చైర్స్. నోట్లో చెంచా, చెంచాలో నిమ్మకాయ. బహుమతికి స్టీలు డబ్బా. 1952 నాటి గనుల చట్టం 46వ సెక్షన్ ఆడవాళ్ళని భూగర్భ గనిలోకి దిగనివ్వలేదు. 2019లో ఆ అడ్డు తొలగి, మేనేజరుగా, సూపర్‌వైజరుగా దిగే వీలు మన ఆడపిల్లలకి వచ్చింది. నేల కిందికే దిగనిచ్చారే, నేల మీద పది మీటర్ల హాలు ఇవ్వడానికి ఏమిటి కష్టం?

అందుకే మా ఊళ్ళో ఒక క్లబ్బుకి దరఖాస్తు పెట్టాను. మేం నలుగురం ఆడవాళ్ళం. వాళ్ళ పాత స్టోరు గది మూసి ఉంది, పొడుగు పద్నాలుగు మీటర్లు, నేనే అడుగులేసి కొలిచాను. వెనక గోడ గట్టిది. పెల్లెట్లు పట్టే ఇనుప పెట్టెలు మేమే చేయించుకుంటాం. మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నం మూడునుంచి అయిదు దాకా, ఫస్టు షిఫ్టు వాళ్ళు అన్నం తిని పడుకుని ఉండే వేళ, ఎవరి పేకాటకీ అడ్డం రాని వేళ. సెక్రటరీగారు ఫారం తిరిగి పంపారు. "ఉద్దేశం" అన్న గడి సరిగా నింపలేదట. "మహిళా సాధికారత అని రాయండమ్మా, లేకపోతే ఆత్మరక్షణ అని రాయండి, కమిటీలో వెంటనే పాసవుతుంది" అని ఫోన్లో సలహా కూడా ఇచ్చారు, మంచివారే.

మొదటిసారి "సరదా" అని రాశాను. రెండోసారీ అదే రాసి, ఈసారి పెద్ద అక్షరాలతో, నిన్ననే ఇచ్చి వచ్చాను.