వాగులో దొరికిన గుర్రం పన్ను

పిల్లలూ! సంతలో ఎడ్లను కొనేవాళ్ళను చూశారా? బేరం మొదలుపెట్టక ముందే ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూస్తారు. అమ్మేవాడు వయస్సు తగ్గించి చెప్పవచ్చు గాని, పన్ను అబద్ధమాడదు. ఈ నెల అంతకంటే పెద్ద సంగతి చెప్పిన పన్నును గురించి తెలుసుకుందాం.

అమెరికాలో ఫ్లారిడా అనే రాష్ట్రం ఉంది. అక్కడి వాగుల్లో కొందరు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, అడుగున ఉన్న గులకరాళ్ళను పారతో ఎత్తి జల్లెడ పడతారు. ఇసుక జారిపోయి, సొరచేప పళ్ళూ, తాబేటి చిప్ప ముక్కలూ మిగులుతాయి. ఒక్కొక్కసారి నల్లగా, బరువుగా, వేలెడు పొడవున ఒక ముక్క కనబడుతుంది. అది గుర్రం దవడ పన్ను!

గుర్రానిదేనని ఎలా తెలుస్తుంది? గుర్రం మేసే గడ్డిలో సిలికా ఉంటుంది. ఇసుకలో ఉండేదీ అదే. దానికి తోడు మట్టి. రోజంతా ఇది నమిలితే పళ్ళు అరిగిపోవూ? అందుకనే గుర్రం పన్ను చాలా పొడవు. ఎక్కువ భాగం దవడలో దాగి ఉండి, అరిగినకొద్దీ పైకి వస్తుంది. గట్టి పింగాణి పొర మడతలు పడి పంటి లోపలికి దిగి ఉంటుంది. మడతల మధ్య మెత్తని భాగం త్వరగా అరుగుతుంది; పింగాణి గట్లు నిలబడతాయి. మన విసుర్రాయి అరిగితే కక్కు కొట్టించాలి. గుర్రం పంటికి ఆ పని లేదు. అరిగేకొద్దీ కక్కు దానంతట అదే ఏర్పడుతుంది!

ఆవు పంటి మీద ఈ గట్లు నెలవంకల్లాగా ఉంటాయి. గుర్రం పంటి మీద ముగ్గులాగా మెలికలు తిరిగి ఉంటాయి. పన్ను ఇంచుమించు నలుచదరంగా ఉంటే పై దవడది. సన్నగా ఉంటే కింది దవడది.

అయితే అది ఏనాటి గుర్రం? ఇదే చిక్కు ప్రశ్న. ఎందుకంటే, గుర్రాల పుట్టిల్లు అమెరికాయే. సుమారు 5½ కోట్ల సంవత్సరాల క్రితం అవి నక్కంత ఉండి, ఆకులు తినేవి. అక్కడే పెరిగి పెద్దవైన గుర్రాలు సుమారు 10,000 సంవత్సరాల క్రితం అక్కడ పూర్తిగా నశించాయి. మళ్ళీ 1493లో కొలంబస్ ఓడల మీద గుర్రాలను ఆ వైపు దీవులకు తెచ్చాడు. కనుక వాగులో దొరికిన పన్ను వేల ఏళ్ళనాటిదీ కావచ్చు, నిన్నమొన్నటి రైతు గుర్రానిదీ కావచ్చు. రంగును నమ్మరాదు, బురద కొత్త పంటిని కూడా నల్లబరుస్తుంది.

1833లో డార్విన్ అనే 24 ఏళ్ళ యువకుడికి అర్జెంటీనాలో, పరానా నది గట్టులో ఒక గుర్రం పన్ను దొరికింది. ఆయన ఆశ్చర్యపోయాడు. అమెరికాలో పూర్వం గుర్రాలే లేవని అప్పటి నమ్మకం. ఆయన వెంటనే పన్ను జేబులో వేసుకుని పోలేదు. అది తరవాత పై నుంచి జారి పడిందేమోనని గట్టును జాగ్రత్తగా పరీక్షించాడు. ఏనాడో అంతరించిన పెద్ద జంతువుల అవశేషాలున్న పొరలోనే అదీ పూడి ఉంది! ఆ పన్ను సాక్ష్యంతో, స్పెయిన్ వాళ్ళు రాక పూర్వమే అక్కడ గుర్రాలు బతికి నశించాయని తేలింది.

చూశారా? పన్ను ఒక్కటే సగం కథ. అది ఉన్న చోటు మిగతా సగం. తొందరపడి పెరికితే ఆ సగం పోతుంది. ఫ్లారిడా ప్రభుత్వ భూముల్లో ఇటువంటి పళ్ళను ఏరటానికి అనుమతి పత్రం కూడా ఉండాలి.

మీకు ఎప్పుడైనా వాగు గట్టున వింత ఎముక కనబడితే దాన్ని కదిలించకండి. ఏ పొరలో ఉందో చూసి, బొమ్మ గీసుకుని, మీ మాష్టారికి చూపించండి. వచ్చే నెల మరో వింతతో కలుసుకుందాం!