పాతదైనదా, ఇరుకైనదా?



2025 వేసవిలో ఒక సాయంత్రము ప్రక్క ఊరినుండి ఒక తల్లి మా ఇంటికి వచ్చింది. ఆమె చేతిలో చిన్న కాగితపు పొట్లము ఉన్నది. విప్పి చూపించింది. అందులో ఆమె చెవి దిద్దులు ఉన్నాయి.

"అయ్యగారూ, రేపు వీటిని తాకట్టు పెట్టి పాపకు కొత్త కంప్యూటరు కొందామనుకుంటున్నాను. టౌనులో ఏ షాపు మంచిదో చెప్పండి" అన్నది.

ఆమె కుమార్తె డిగ్రీ చివరి సంవత్సరము చదువుచున్నది. ప్రాజెక్టు రిపోర్టు తయారుచేయాలి. మేనమామ ఇచ్చిన పాత డెస్క్‌టాప్ కంప్యూటరు ఇంట్లో ఉన్నది. కాని బటను నొక్కిన తరువాత అన్నము ఉడికేంతసేపు కూర్చోవాలి. ఇంటర్నెట్ తెరిచి, దానితోపాటు రిపోర్టు కూడా తెరిస్తే, అంతా బిగుసుకుపోతుంది. బాగుచేసే అతడు పైపైన చూచి, "ఇది పాతదైపోయిందమ్మా, కొత్తది కొనుక్కోండి" అని చెప్పి పంపించాడట.

"అమ్మా, దిద్దులు ఇంట్లో పెట్టుకోండి. ఒక్క రోజు ఆగండి. రేపు నేను వచ్చి చూస్తాను" అన్నాను.

కంప్యూటరులో రెండు రకముల చోటులు ఉంటాయి. మన పల్లెవారికి ఇది సులభముగా అర్థమవుతుంది. గాదె వేరు, కళ్ళము వేరు కదా! ధాన్యము ఏడాది పొడుగునా దాచేది గాదెలో. పనలను పరచి నూర్చేది కళ్ళములో. కంప్యూటరులో హార్డ్ డిస్కు గాదె వంటిది. ఫొటోలు, ఉత్తరములు, లెక్కలు అన్నీ అక్కడ భద్రముగా ఉంటాయి. ర్యామ్ అనే మెమొరీ కళ్ళము వంటిది. మనము ఏ పని తెరిచినా అది గాదెనుండి కళ్ళములోకి రావాలి. కళ్ళము ఇరుకైనప్పుడు కంప్యూటరు కొంత పనిని మరల డిస్కుపైకి మోసి, కావలసినప్పుడు తిరిగి తెచ్చుకుంటుంది. డిస్కు మెమొరీకంటె చాలా నెమ్మది. ఆ మోతలోనే సమయమంతా పోతుంది. ఎద్దులు ముసలివైనవని మనము అనుకుంటాము. నిజానికి కళ్ళము చాలక పని ఆగుతుంది.

ఇటువంటి మెమొరీని అమెరికాలో ఐబియం సంస్థ ఇంజనీరు రాబర్ట్ డెన్నార్డ్ 1966లో కనిపెట్టారు. 1968లో ఆయనకు దానిపై పేటెంటు లభించినది. ఇందులోని ఒక్కొక్క గది చిల్లికుండ వంటిది. అందులో నింపిన విద్యుత్తు కారిపోతూ ఉంటుంది. కనుక సాధారణముగా ప్రతి గదిని 64 మిల్లీసెకన్లలోగా మరల నింపుతూ ఉండాలి. కరెంటు పోతే నింపేవారు లేరు. అంతా ఖాళీ! కరెంటు పోయినప్పుడు, సేవ్ చేయని పని పోవడానికి కారణము ఇదే. అందుచేత మన ఊళ్ళలో పది నిమిషములకు ఒకసారైనా సేవ్ చేయడము పిల్లలకు అలవాటు చేయండి.

మరునాడు ఆ ఇంటికి వెళ్ళాను. ముందుగా మూత విప్పలేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అనే మూడు మీటలు ఒకేసారి నొక్కితే విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ అనే భాగములో మెమొరీ ఎంత ఉన్నదో, ఎంత వాడుకలో ఉన్నదో కనిపిస్తుంది. పాప రోజూ చేసే పనులనే తెరవమన్నాను. ఉన్నది 2 జీబీ. అందులో నూటికి తొంభై పాళ్ళు పైగా నిండిపోయినది. రోగము తెలిసింది.

అయితే ఇక్కడ ఒక మాట జ్ఞాపకముంచుకోండి. మెమొరీ సగము ఖాళీగా ఉండి, డిస్కు మాత్రము నూటికి నూరు పాళ్ళు పని చేస్తూ ఉంటే, ర్యామ్ కొనడము దండుగ. అప్పుడు పాత హార్డ్ డిస్కుకు బదులు ఎస్‌ఎస్‌డి వేయించడము మేలు. అలాగే సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ అనే చోట చూడండి. అక్కడ 32 బిట్ అని ఉంటే, సాధారణముగా ఆ విండోస్ 4 జీబీకి మించి వాడుకోలేదు. 8 జీబీ వేసినా మిగతాది వృథాయే.

ఇక ఏ రకము కొనాలి? ఈ విషయములో నేను ఒకసారి నష్టపోయాను. చాలా ఏళ్ళ క్రితము మా ఇంటి కంప్యూటరు కొరకు టౌనుకు పోయి, "2 జీబీ ర్యామ్ ఇవ్వండి" అని మాత్రమే అడిగాను. పాతది వెంట తీసుకొని పోలేదు. ఇంటికి వచ్చి పెట్టబోతే పట్టలేదు. నాకు కావలసినది డీడీఆర్3, తెచ్చినది డీడీఆర్2. రెండింటికీ 240 పిన్నులే, పొడుగు కూడా ఒక్కటే. కాని క్రింది అంచులోని గాడి వేరువేరు చోట్ల ఉంటుంది. విద్యుత్తు కూడా వేరు. డీడీఆర్2కు 1.8 వోల్టులు, డీడీఆర్3కు 1.5 వోల్టులు, తరువాత వచ్చిన డీడీఆర్4కు 1.2 వోల్టులు. ఒకదాని చోట ఒకటి పనిచేయదు. ల్యాప్‌టాప్ ర్యామ్ అయితే దాదాపు సగము పొడుగే ఉంటుంది, అది డెస్క్‌టాప్‌లో ఇమడదు. రెండుసార్లు బస్సు ఛార్జీ పెట్టుకొని నేర్చుకున్న పాఠమిది. పాత స్టిక్కును గుడ్డలో చుట్టి షాపుకు తీసుకొని వెళ్ళండి. దానిపై అతికించిన చీటీలో రకము, వేగము వ్రాసి ఉంటాయి. మీ మదర్‌బోర్డు ఎంతవరకు తీసుకుంటుందో కూడా అడగండి.

పాప కంప్యూటరులో రెండు స్లాట్లు ఉన్నాయి. ఒకటి ఖాళీ. వాడిన డీడీఆర్3 స్టిక్కు, 4 జీబీది, పనిచేయకపోతే తిరిగి తీసుకుంటామనే మాటమీద తెచ్చాము. బస్సు ఛార్జీలతో కలిపినా వెయ్యి రూపాయలు దాటలేదు. 2025 చివరినుండి కృత్రిమ మేధ కొరకు కట్టే పెద్ద కేంద్రములకు మెమొరీ విపరీతముగా పోవుటచేత ధరలు బాగా పెరిగినవి. కనుక రెండు మూడు చోట్ల అడిగి కొనండి.

బిగించే పని పాప చేతనే చేయించాను. మొదట కంప్యూటరు ఆపి, ప్లగ్గు పీకించాను. తరువాత పవర్ బటను కొన్ని క్షణములు నొక్కి పట్టుకోమన్నాను, లోపల మిగిలిన విద్యుత్తు పోతుంది. ప్రక్క మూత విప్పి, లోపలి రేకును చేతితో తాకమన్నాను. మన ఒంటిలో ఉండే స్థిర విద్యుత్తు, మనకు తెలియకుండానే ర్యామ్‌ను పాడుచేయగలదు. స్టిక్కును అంచులతోనే పట్టుకోవాలి, బంగారు రంగు గీతలను ముట్టరాదు. స్లాటు చివరి క్లిప్పులు తెరిచి, గాడికి గాడి కలిపి, రెండు బొటనవ్రేళ్ళతో సమానముగా నొక్కింది. టక్కుమని క్లిప్పు పడింది.

స్విచ్చి వేస్తే బీప్, బీప్ అని అరుపులు! తెరమీద ఏమీ లేదు. తల్లి ముఖము వాడిపోయింది. భయపడవలసినది లేదు, చాలాసార్లు స్టిక్కు సరిగా కూర్చోలేదని అర్థము. మరల ప్లగ్గు పీకి, స్టిక్కు తీసి, పొడి గుడ్డతో మెల్లగా తుడిచి, గట్టిగా నొక్కింది. ఈసారి తెర వెలిగింది. 6 జీబీ అని చూపించినది. తరువాత విండోస్ మెమొరీ డయాగ్నస్టిక్‌తో పరీక్షిస్తే తప్పులేమీ రాలేదు.

అది కొత్తదానివలె పరుగెత్తిందని చెప్పను. తెరుచుకొనుటకు ఇప్పటికీ కొంతసేపు పడుతుంది. కాని రిపోర్టు, ఇంటర్నెట్ కలిసి నడిచాయి. ఇంకొక సంగతి దాచకూడదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత భద్రతా సవరణలు సాధారణముగా ఇవ్వడము 2025 అక్టోబరు 14తో ముగిసినది. అంత పాత యంత్రములు విండోస్ 11కు అర్హత పొందవు, ర్యామ్ ఎంత పెంచినా సరే. అందుచేత ఆ సంవత్సరము చివరిలో పాప ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవులో దాచి, దానిలో ఉచితముగా దొరికే లినక్స్ మింట్ వేసుకున్నాము. దానికి 4 జీబీ ఉంటే చాలు.

రిపోర్టు గడువుకు రెండు రోజుల ముందే పూర్తయినది. దానిని చూపించుటకు తల్లీకూతుళ్ళు మా ఇంటికి వచ్చారు. దిద్దులు ఆ తల్లి చెవులకే ఉన్నాయి.

మీ ఇంటిలోను ఇటువంటి కంప్యూటరు మూలన ఉన్నదా? అప్పు చేయుటకు ముందు ఒక్క రోజు ఆగండి. ఇరుకు ఎక్కడ ఉన్నదో చూడండి.