గోడపై పచ్చదనానికి పోషణే ప్రాణం
మిచిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్‌కు వాయవ్యాన ఉన్న ఫార్మింగ్టన్ హిల్స్‌లో, చెట్లు మోడువారి పొద్దు త్వరగా వాలే శీతకాలపు నెలల్లో, కార్యాలయాల లోపలి నిలువుతోటలు, అంటే గోడకు బిగించిన చట్రాల్లో మొక్కలు పెంచి బొట్టుబొట్టుగా నీరందించే ఏర్పాట్లు, ఉద్యోగుల కంటికీ మనసుకూ ఊరటనిస్తాయి గనుక వాటిని స్వాగతించవలసిందే. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు స్టాన్లీ హార్ట్ వైట్ 1938లో పేటెంట్ పొందిన ఈ ఆలోచనను గాలిని శుద్ధిచేసే యంత్రంగా అమ్మజూపడం మాత్రం సరికాదు. ఎందుకంటే గాలి చొరబడని పెట్టెల్లో మొక్కలను ఉంచి నాసా జరిపిన గాలిశుద్ధి ప్రయోగాలపై 1989లో వెలువడిన ఫలితాలు, బయటిగాలి వచ్చిపోయే కార్యాలయాలకు యథాతథంగా వర్తించవు. మనీప్లాంట్ వంటి నీడమొక్కకైనా చాలినంత ఎల్‌ఈడీ వెలుగు, వేళ్ల దగ్గర నిలవని నీరు, పండుటాకులు ఏరే మనిషి కావాలి. కాబట్టి ఏర్పాటు ఖర్చుతోపాటు ఏటేటా పోషణకయ్యే ఖర్చునూ భరించగల సంస్థలే ఈ పనికి పూనుకోవాలి.