వాళ్ల గ్రంథానికి భాష్యం, మన ముక్కుకి కొలబద్ద (9వ భాగం)

నా పీహెచ్‌డీ వైవాలో మొదటి ప్రశ్న నా పరిశోధన గురించి కాదు. "సంస్కృతం వచ్చా?" అని అడిగారు ఒక పెద్దాయన. నేను పని చేసింది దళిత కథ మీద. "రాదండీ" అన్నాను. ఆయన పక్కనున్నాయన వైపు చూసి నవ్వారు. ఆ నవ్వుకి జవాబు వెతుక్కోడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఈమధ్య మన విద్యార్థులు కూడా రెండు మాటల్లో ఏదో ఒకటి పట్టుకుంటున్నారు. "కులాన్ని తెల్లవాడే కనిపెట్టాడు, మన గ్రంథాల్ని వక్రీకరించాడు" అనేది ఒకటి. "తెల్లవాడే లేకపోతే మన వేదాలు ప్రపంచానికి తెలిసేవే కావు" అనేది ఇంకోటి. 2016లో ఈ గొడవ పేపర్లకెక్కింది. మూర్తి క్లాసికల్ లైబ్రరీ సంపాదకుడిగా అమెరికా ప్రొఫెసర్ షెల్డన్ పొలాక్‌ని తీసెయ్యాలని మన దేశంలో నూరుమందికి పైగా మేధావులు సంతకాలు చేశారు. సంస్కృత శాఖల్లో మాల, మాదిగ అధ్యాపకులు ఎందరున్నారని అడుగుతూ ఇంతమంది కలిసి ఎప్పుడైనా సంతకాలు చేశారా? ఆ భాష ఎవరి సొత్తు అన్నదే వాళ్ల తగాదా. అది ఎవరికి దక్కకుండా చేశారన్నది మన ప్రశ్న.

చరిత్ర చూడండి. హిందువుల పెళ్లి, వారసత్వం, కులం తగాదాల్లో శాస్త్రమే చట్టమని 1772లో వారన్ హేస్టింగ్స్ తేల్చాడు. ఆ శాస్త్రమేంటో చెప్పడానికి 11 మంది పండితుల్ని కూచోబెట్టాడు. వాడలోకి వచ్చి "మీ న్యాయం ఏంటి?" అని అడిగినవాడు లేడు. 1794లో విలియం జోన్స్ మనుస్మృతిని ఇంగ్లీషులోకి తెచ్చాడు. తెల్లవాడు మనువుని పుట్టించలేదు. పండితుడు అందించాడు, తెల్లవాడు కోర్టు ముద్ర కొట్టాడు. ఒకరి మీద నేరం మోపి రెండోవాణ్ణి వదిలేసే పని మనది కాదు.

తర్వాత మాక్స్ ముల్లర్. ఈ దేశంలో అడుగుపెట్టకుండానే, కంపెనీ డబ్బుతో, సాయణ భాష్యంతో సహా రుగ్వేదాన్ని 1849 నుంచి 1874 దాకా అచ్చేశాడు. 1879లో ఆయన సంపాదకత్వంలో మొదలైన 'ప్రాచ్య పవిత్ర గ్రంథాలు' వరస 50 సంపుటాలయింది. మన దేశం నుంచి సంస్కృతం, పాలి, ప్రాకృతం వెళ్లాయి. తెలుగుకి, తమిళానికి, కన్నడానికి ఒక్క సంపుటమూ లేదు. మనువుకి ఒక సంపుటం దక్కింది. బ్రౌన్ 1829లోనే ఇంగ్లీషు అనువాదంతో అచ్చేసిన వేమనకి దక్కలేదు.

మరి మనం ఎక్కడున్నాం? 1899లో, ఒంగోలు మిషన్‌కి చెందిన ఎమ్మా క్లౌ మాదిగల కథలతో ఇంగ్లీషులో ఒక పుస్తకమే వేసింది. అది మిషనరీ పుస్తకాల అరలోకి పోయింది. 1909లో థర్‌స్టన్ దక్షిణాది కులాల మీద 7 సంపుటాలు వేశాడు. ఆ పనిలో మనుషుల తలలూ ముక్కులూ కొలిచాడు. అర్థమైందా తమ్ముళ్లూ, చెల్లెళ్లూ? వాళ్ల పుస్తకం చదివారు, మన ముక్కు కొలిచారు. వాళ్లది మతం, మనది ఆచారం. వాళ్లది తత్వం, మనది నమ్మకం.

అయితే ఆ పుస్తకాలన్నీ అవతల పారేద్దామా? పారేయొద్దు. అంటరానివాడని బడిలో అంబేడ్కర్‌ని సంస్కృతం చదవనివ్వలేదు, పర్షియన్ తీసుకోక తప్పలేదు. 1927 డిసెంబర్ 25న మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టించిన ఆ మనిషే, 1946లో 'శూద్రులు ఎవరు?' ముందుమాటలో నా వైవా ప్రశ్నకి జవాబు రాసిపెట్టారు. సంస్కృత పాండిత్యం లేదని దాచుకోలేదు. ఆ సాహిత్యంలో చాలావరకు ఇంగ్లీషులో దొరుకుతుండగా, ఈ విషయం మీద మాట్లాడే అర్హత తనకెందుకు ఉండదని అడిగారు. ఆ అనువాదకులు మనకోసం రాయలేదు, కాబట్టి వాళ్లకి మనం రుణపడిలేం. కానీ తలుపు ఒకసారి తెరుచుకున్నాక లోపలికి పోడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అందుకే అంటున్నా, సంస్కృతం నేర్చుకోండి. పాలి నేర్చుకోండి. దండం పెట్టడానికి కాదు. మన పొలం ఎవరి పేరున రాశారో చూడ్డానికి దస్తావేజు చదువుతాం చూడండి, అలా చదవండి. దాంతోపాటు ఇంకో ప్రశ్న వెయ్యండి. డక్కలివాళ్లు మోసుకొచ్చిన జాంబపురాణం పేరులోనే పురాణం ఉంది. మరి మన తెలుగు శాఖల్లో అది 'జానపదం' పేపర్లో ఎందుకుంది? ఆ అరలు తెల్లవాడొక్కడే కట్టలేదు. తెల్లవాడు పోయి ఇన్నేళ్లయినా వాటిని తుడిచి జాగ్రత్త చేస్తున్నది మన విశ్వవిద్యాలయాలే.

నేనూ రెండేళ్ల కింద శబ్దమంజరి కొన్నాను. రాత్రిళ్లు కూచుని రామః, రామౌ, రామాః వల్లె వేస్తున్నాను. ఇవాళ ఆ పెద్దాయన మళ్లీ అడిగితే చెప్తాను: "కొంచెం వస్తుందండీ. మీకు జాంబపురాణం వచ్చా?"

జై భీమ్.