అభయం చాలదు, ఒడంబడిక కావాలి

బలమైన దేశం విదేశాంగ విధానాన్ని మార్చుకున్న ప్రతిసారీ దాని పొరుగునున్న చిన్న దేశం తన నిర్ణయాలను దిద్దుకోవలసి వస్తే, ఆ చిన్న దేశపు సార్వభౌమత్వం, అంటే పరుల ఆజ్ఞకు లోబడక తన వ్యవహారాలను తానే నడుపుకొనే అధికారం, పేరుకే మిగులుతుంది. వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నానికి ఆ పేరిచ్చిన కళింగ దేశపు చరిత్ర ఇందుకు సాక్ష్యం.

క్రీ.పూ. 261 ప్రాంతంలో జరిగిన కళింగ యుద్ధంలో లక్ష మంది హతులయ్యారని, లక్షన్నర మందిని చెరపట్టి తరలించారని అశోకుడే తన 13వ శిలాశాసనంలో చెప్పుకొని పశ్చాత్తాపపడ్డాడు. అయినా కళింగకు స్వాతంత్ర్యం తిరిగి రాలేదు సరికదా, కళింగ గడ్డపైనున్న ధౌళి, జౌగడలలో ఆ శాసనాన్ని చెక్కించనే లేదు. దాని స్థానంలో వేయించిన ప్రత్యేక శాసనాలలో, తాను జయించని సరిహద్దు ప్రజలు తనకు భయపడనక్కరలేదని అభయమిచ్చాడు. అయితే ప్రభువు మనసుపై ఆధారపడిన అభయం ఆ మనసు ఉన్నంతవరకే నిలుస్తుంది; అందుకే బలవంతుణ్ణీ కట్టిపడేసే ఒడంబడిక కావాలి.

భారతదేశం ఈ పాఠాన్ని కొన్నిసార్లు పాటించింది. విదేశీ వ్యవహారాలలో భూటాన్ భారత్ సలహా మేరకు నడవాలన్న 1949 నాటి నిబంధనను 2007 ఒప్పందంలో తొలగించింది. బంగాళాఖాతంలో వివాదాస్పదమైన 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు చెందుతాయన్న 2014 నాటి మధ్యవర్తిత్వ న్యాయమండలి తీర్పును శిరసావహించింది. కానీ 2015లో నేపాల్ కొత్త రాజ్యాంగాన్ని ఆమోదించాక సరిహద్దులో సరుకులు నెలల తరబడి నిలిచిపోయాయి. కారణం నేపాల్ దక్షిణ మైదానాల్లోని మధేసీల ఆందోళనేనని భారత్ చెప్పినా, నేపాలీలు దాన్ని దిగ్బంధంగానే భావించారు. 2016 మార్చిలో నేపాల్ చైనాతో రవాణా ఒప్పందం కుదుర్చుకుంది. భద్రత కోసం ఒత్తిడి తప్పదనేవారికి ఇదే సమాధానం: బెదిరిన పొరుగు మరో బలవంతుని వాకిట చేరుతుంది.

ఒడంబడిక లేని చోట సామాన్యుడూ నలుగుతాడు. పాకిస్థాన్‌తో సముద్ర సరిహద్దు తేలని గుజరాత్ తీరానికి వేటకు వలసవెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు 2018 నవంబరులో పాకిస్థాన్ బలగాలకు పట్టుబడి, 2020 జనవరిలో గాని విడుదల కాలేదు.

అంతర్జాతీయ న్యాయాన్ని, ఒప్పంద బాధ్యతలను గౌరవించాలని రాజ్యాంగంలోని 51వ అధికరణం నిర్దేశిస్తోంది. ఇరుగుపొరుగు దేశాలతో కుదిరిన ఒప్పందాలను పార్లమెంటులో చర్చించకుండా మార్చరాదు. నిత్యావసర సరుకులను ఒత్తిడికి సాధనం చేయరాదు. సరిహద్దు వివాదాలను మధ్యవర్తిత్వంతో తేల్చుకోవాలి. ఈ మూడు నియమాలకు కేంద్ర ప్రభుత్వం బహిరంగంగా కట్టుబడాలి.